శవం లేని శోకం

మా ఊళ్లో ఎవరిని కదిలించినా ఒకటే కథ చెప్తరు. "గా పాటల బడి ఉండె గద, అండ్ల పిల్లలకు శోకం పెట్టుడు నేర్పిండ్రు. ఒక పిల్ల బతికున్న నాయినను పట్టుకొని ఏడ్చింది. ఆరు నెల్లు తిరగకముందే ఆయన పోయిండు." చెప్పేటోళ్లు ఇక్కడ ఆగి నా దిక్కు చూస్తరు. నేను అక్కడ లేకుంటే నా పేరు కూడా చెప్తరు, నాకు తెలుసు.

నకిరేకల్‌లో నాతోటి చదువుకున్నోళ్లు చెప్పే కథ వేరు. అది వినడానికి ఇంకా ముద్దుగ ఉంటది. "పాపం, పిల్లల కోసం ఎంత మంచి పని పెట్టుకున్నది! ఊరోళ్ల మూఢనమ్మకం దాన్ని ముంచింది" అంటరు. ఇగ సభల్లో మైకు దొరికిన పెద్దమనుషులది మూడో కథ. సెల్‌ఫోన్లు వచ్చి మన పాటను మింగినయట.

మూడూ తప్పే. శోకం పెడితే మనిషి చావడు. చచ్చేటట్టయితే కోడండ్ల శాపనార్థాలకు ఈ జిల్లాలో ఒక్క అత్త మిగిలేది కాదు. ఫోన్లంటరా, ఆ పిల్లల ఇండ్లల్లో అప్పటికి ఉన్న ఒక్క ఫోను పొద్దున్నే నాయిన జేబులో పడి బాయికాడికి పోయేది. ఇగ మూఢనమ్మకం సంగతి. అది ఎవరిదో, మూఢులు ఎవరో, నేను చెప్పినంక మీరే అనుకోండి. ఆ బడిని మూసింది నేను. తాళం వేసిన చెయ్యి వేరే కావచ్చు, మూసింది మాత్రం నేనే.

మా దిక్కు మనిషి పోతే ఆడోళ్లు ఉత్తగ ఏడ్వరు. శవం పక్కన కూసొని, పోయిన మనిషిని వరస పెట్టి పిలుచుకుంట, రాగం తీసి, ఆ మనిషి బతుకును చెప్పుకుంట ఏడుస్తరు. దాన్నే శోకం పెట్టుడు అంటరు. కండ్ల నీళ్లు అందరికీ వస్తయి, శోకం అందరికీ రాదు. ఊరికి ఒకరో ఇద్దరో ఉంటరు, వాళ్లు నోరు తెరిస్తే వాకిట్లో మగవాళ్లు బీడీలు ఆర్పేస్తరు. మా ఊళ్లో అసువంటి మనిషి ఒక అవ్వ. గొర్రెలు కాసిన ఇల్లు ఆమెది. సన్నగ, నల్లగ, దవడలో ఎప్పుడూ ఒక వక్క పెట్టుకొని ఉండేది. తిరుమలగిరి అంగట్లో గొర్రెపిల్ల ధర తెగ్గొట్టడంలో ఆమెను మించినోళ్లు లేరు. ఊరంతటికీ అవ్వే, నాకూ అవ్వే.

ఆమె గొప్పతనం నాకు తెలిసింది మా అమ్మ పోయిననాడు.

నా పదో తరగతి మార్కుల కాయితం మీద మా అమ్మ సంతకం ఉంటది. వంకరటింకర నాలుగక్షరాలు. అమ్మ బడి ముఖం చూసిన మనిషి కాదు. బాపు చెయ్యి పట్టుకొని పెట్టించి ఉంటడని నేను అనుకునేదాన్ని. అమ్మను వాకిట్లో పండబెట్టినప్పుడు అవ్వ వచ్చింది. చెప్పులు అవతల విడిచి, అమ్మ తల దగ్గర కూసొని, రెండు చేతులు నేల మీద ఆనించి మొదలుపెట్టింది.

"ఓ నా చెల్లే, పొయ్యి ముంగట బూడిద పరిచి పేరు రాసుకుంటివి చెల్లే,
వేలుతోని రాస్తివి, కొంగుతోని తుడిస్తివి చెల్లే,
నా బిడ్డ కాయితానికి వేలిముద్ర వెయ్యనంటివి చెల్లే,
ఆ బిడ్డ వచ్చింది చూడు, తలకాడ నిలవడ్డది చూడు చెల్లే..."

నేను ఏడ్చుడు మరిచిపోయి వినుకుంట నిలబడ్డ. మా అమ్మ గురించి నాకంటే ఆమెకు ఎక్కువ తెలుసని అర్థమైనప్పుడు నాకు ముందుగ వచ్చింది దుఃఖం కూడా కాదు, ఈర్ష్య. కర్మ అయిపోయినంక పోయి అడిగిన, అమ్మ నీకు చెప్పిందా అని.

"చెప్పలే. నిప్పు అడుగవోయి దర్వాజ కాడికెల్లి చూసిన. చూసినట్టు ఆమెకు తెల్వదు."

"మరి ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పాలె? ఆమె పోయిననాడు ఆమెకు చెప్పేటందుకు దాచిపెట్టిన."

రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం పాటల బడి పెట్టిన. అప్పుడు అందరికీ ఒకటే ఊపు. మన భాష, మన యాస, మన పాట. నిన్నటిదాక "గా మొరటు మాటలేంది" అని పిల్లల నెత్తి మీద మొట్టిన తల్లులే బతుకమ్మ ఎత్తుకొని ఫొటోలు దిగుడు మొదలుపెట్టిండ్రు. నాకు కొలువు లేదు. తెలుగు ఎమ్మే చదివి, ప్రైవేటు కాలేజీలో తొమ్మిదేండ్లు చెప్పి, ప్రిన్సిపాల్‌తో కొట్లాడి బయటపడ్డ. అందులో కూడా తప్పు నాది కాదు, కాని అది వేరే సంగతి. మా ఆయనకు నకిరేకల్‌లో ఎరువుల దుకాణం. ఆదివారం నేను ఇంట్లో ఉంటే ఆయనకు మనశ్శాంతి ఉండదు. అందుకే పొద్దున్నే బస్సెక్కి పుట్టినూరికి పోయేదాన్ని. గొర్రెల సొసైటీ వాళ్ల రేకుల హాలు ఖాళీగ పడి ఉండె. పెంటికలు ఊడ్చి, గోడలకు సున్నం కొట్టి, పదిహేను ఇరవై మంది పిల్లలను జమ చేసిన.

అవ్వను వరి నాటు పాటలు నేర్పమని అడిగిన. ఆమె హాలంతా కలియజూసి మూతి తిప్పింది.

"నాటు పాట నడుం వంగితె వస్తది. గీ ఫ్యాను కింద సాప మీద కూసొని ఎట్లొస్తది?"

"అయితే వంచుదాం తీ."

నిజంగనే వంచింది. పిల్లలందరినీ వరసగ నిలబెట్టి, చేతికి గడ్డిపోచలిచ్చి, నాటు వేసినట్టు వంగి వెనకకు నడుచుకుంట పాడమన్నది. పిరుదులు పోయి గోడకు తాకినప్పుడల్లా "గట్టు వచ్చింది, మళ్లుండ్రి!" అని అరిచేది. ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంట పాడేటోళ్లు. నేను కాలేజీలో తొమ్మిదేండ్లు జానపద సాహిత్యం చెప్పిన. నాటు పాటలో దీర్ఘం ఎక్కడ పడుతుందో, ఎందుకు పడుతుందో ఆ గోడ దగ్గర తెలిసింది. అడుగు వెనకకు వేసేటప్పుడు పడుతుంది.

అట్ల రెండేండ్లు నడిచింది. దంచేటి పాటలు, బొడ్డెమ్మ, కోలాటం, అన్నీ అయినయి. నా కన్ను మాత్రం శోకం మీదనే ఉండె. ఒకనాడు అడిగిన.

"శోకం నేర్పు అవ్వా."

ఆమె వక్క నములుడు ఆపింది. "ఎవరు పోయిండ్రు?"

"ఎవరూ పోలేదు. పిల్లలకు నేర్పు అంటున్న."

"ఎవరూ పోకుంటే ఎవరికి చెప్పాలె?"

"ఉత్తగనే. పాట లెక్క."

"అది పాట గాదు బిడ్డా."

నేను వదులుతనా? నెల రోజులు వెంటబడ్డ. నీ తర్వాత ఎవరికి వస్తది అంటే, రాకుంటె నేను వింటనా అన్నది. పుస్తకంలో రాసుకుంట చెప్పు అంటే, రాసుకొని శవానికి చూపిస్తవా అన్నది. చివరికి నా నోటికి ఒక మాట వచ్చింది. "నువ్వు పోయిననాడు నీకెవరు పెడ్తరు అవ్వా?"

ఆమె నోట్లోని వక్క అవతల ఊసింది. వాదనలో గెలిచిన అనుకున్న. గెలిచిన సంతోషంలో ఆమె ముఖం సరిగ చూడలేదు. ఆమెనే మెల్లగ చెప్పింది.

"చావుకాడ చెప్పిన మాటలను శవం తీస్కపోతది బిడ్డా. కాష్టం కాడికి దాని ఎంబడే పోతయి. శవం లేకుంట చెప్తె అవి ఏడికి పోవాలె? చెప్పినోళ్ల మీదనే కూసుంటయి."

నేను నోటుపుస్తకం తీసి 'విశ్వాసం' అని రాసి కింద గీత కొట్టిన. అది పని తెలిసిన మనిషి పని నేర్పేటప్పుడు చెప్పే జాగ్రత్త అనీ, పచ్చికుండలో నీళ్లు పొయ్యొద్దని కుమ్మరి చెప్పినట్టే చెప్పిందనీ నాకు తట్టనే లేదు. చదువుకున్నదాన్ని కద.

ఆ వానాకాలం మొదట్లో ఒక ఆదివారం, మా బడికి వచ్చే పదేండ్ల పిల్ల ఒకతె కండ్లు తుడుచుకుంట వచ్చింది. వాళ్ల ఇంటి గొర్రె పోయింది, దొడ్డి పక్కన పడి ఉన్నది అన్నది. అవ్వ లేచి కొంగు బిగించింది.

"నడువుండ్రి. ఇగో, ఇప్పుడు ఒకరు పోయిండ్రు."

అందరం పోయినం. నేను ఫోన్‌ల రికార్డింగు పెట్టిన. అవ్వ గొర్రె తలకాడ కూసొని "ఓ నా కోడలా" అని ఎత్తుకునేసరికి పిల్లలు కిసకిస నవ్విండ్రు. ఆమె పట్టించుకోలేదు. రెండు పిల్లలను ఇచ్చి పోతివి కోడలా, మంద ముంగట నడుస్తుంటివి కోడలా అని రెండు మూడు మాటలు చెప్పి, పిల్లల దిక్కు తిరిగి ఒక్కొక్కరిని ఒక్కొక్క మాట చెప్పమన్నది.

"అందరికి ఎరుకైన మాట నాకద్దు. నువ్వొక్కనివే చూసింది చెప్పు."

ఒక పోరడు "అది నా లెక్కల కాపీ తిన్నది" అన్నడు. అందరూ విరగబడి నవ్విండ్రు.

"మంచి మాట చెప్పినవు. రాగంల పెట్టు" అన్నది అవ్వ. వాడు పెట్టిండు. "నా కాపీ తింటివి కోడలా, సారు నన్ను కొట్టె కోడలా" అని వాడు రాగం తీస్తుంటే మొదట నవ్వు వచ్చింది, తర్వాత రాలేదు.

అప్పుడు ఆ ఇంటి పిల్ల, ఏడ్చుకుంట వచ్చిన పిల్ల, గొర్రె నోటి దగ్గర అరచెయ్యి పెట్టి అన్నది:

"ఉప్పు కోసం నా చెయ్యి నాకుతుంటివి కోడలా,
చెయ్యి ఇంకా తడిగనే ఉన్నది, నువ్వే లేకపోతివి కోడలా."

ఎవరూ చెప్పియ్యలేదు. అవ్వ ఆ పిల్లను అట్లనే చూసింది. గొర్రెను గుంతలో పెట్టి మన్ను కప్పినంక లేచి చేతులు దులుపుకొని, "పోయినయి. ఇగ బువ్వ తినపోండ్రి" అన్నది. పోయినయి అన్నది మాటలను. అది కూడా నాకు అప్పుడు తెలువలేదు.

ఆ పిల్ల తండ్రి ఊరి వరసలో నాకు తమ్ముడు. నాలుగెకరాల చెలక, ఒక బోరు, యాభై దాక జీవాలు. నవ్వితే భుజాలు ఎగిరేసుకుంట నవ్వే మనిషి. అవ్వ ఆయన దగ్గరికి పోయి, పిల్లను చావు ఇండ్లకు తన ఎంబడి పంపమని అడిగింది.

"నా ఎనుక కూసొని నా ఈపు మీద చెయ్యి పెట్టాలె. నేను ఊపిరి ఏడ తీస్తున్ననో, ఏడ ఆపుతున్ననో చేతికి తెలుస్తది. మా అత్త నాకు గట్లనే నేర్పింది."

"ఎన్నేండ్లు పడుతది అవ్వా?" అని నేను అడిగిన.

"ఎంత తొందరనే నీకు! అది పెరిగి పెద్దదయ్యి, ఒక బిడ్డను చంకనెత్తుకునేదాక పడుతది. బతుకు చూడనిది ఇంకొకల బతుకేం చెప్తది?"

నాకు అంత ఓపిక లేదు. ఉండి ఉంటే ఇది రాసేదాన్నే కాదు.

మూడో ఏడు నల్లగొండలో పిల్లల కళల కార్యక్రమం పెట్టి ఊరూరి నుంచి బృందాలను పిలిచిండ్రు. మాకూ పిలుపు వచ్చింది. తలా పది నిమిషాలు. అందరూ బతుకమ్మ, కోలాటం పట్టుకొస్తరని నాకు తెలుసు. ఎవరూ తేనిది తేవాలె అనుకున్న. ఆ పిల్లతో శోకం పెట్టిస్త అని అవ్వకు చెప్పిన.

"వద్దు."

"ఎందుకు వద్దు? నువ్వు పెట్టేది ఊళ్లో వంద మంది వింటరు. అక్కడ వెయ్యి మంది వింటరు."

"వినేటందుకు పెడ్తరానే శోకం? పోయినోళ్లకు పెడ్తరు. ఆడ ఎవరిని పండబెడ్తవు?"

నేను పిల్లనే అడిగిన. "నీకు అందరికంటే బాగ తెలిసినోళ్లు ఎవరు?"

"నాయిన, అత్తమ్మా."

"అయితే నాయిననే అనుకొని చెప్పు."

ఎంత సులువుగ అన్ననో. కూరలో ఉప్పు వెయ్యమని చెప్పినట్టు అన్న. ఆమె తల్లి విని "అదేం మాట వదినా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. తమ్ముడే నవ్వి, "పోనీయే, మా అక్క చదువుకున్నది, తెల్వకుంట చేస్తదా?" అన్నడు.

స్టేజి మీద ఆ పిల్ల మోకాళ్ల మీద కూసొని, నేల మీద రెండు చేతులు ఆనించి మొదలుపెట్టింది.

"నాయినా, తువాలల సీతపండ్లు మూట గట్టి తెస్తివి నాయినా,
పండు నాకు పెట్టి, గింజలూపుకుంట నన్ను నవ్విస్తివి నాయినా,
ఏ గుట్టకు పోతివి, ఈల వినవడ్తలేదు నాయినా,
జీవాలు వచ్చినయి, దొడ్డి తడిక తీసే ఉన్నది నాయినా..."

గింజలూపుడు అంటే, తిన్నంక గింజలు గుప్పిట్లో పట్టి చెవి దగ్గర ఆడించి ఎన్నో చెప్పమనేటోడట ఆయన. ఆ సంగతి ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెల్వదు. ఈల మాట దగ్గర హాలంతా చప్పట్లు కొట్టింది. పిల్ల బెదిరి ఆగి, నా దిక్కు చూసింది. నేను కానీ కానీ అని చెయ్యి ఊపిన. ముందు వరసలో ఒక అధికారి కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. మాకు మెమెంటో ఇచ్చిండ్రు.

తమ్ముడు వెనక వరసల్లో నిలబడి అంతా విన్నడు. తిరుగు బస్సులో కూతురిని ఒళ్లో కూసోబెట్టుకొని, కండ్లు ఎర్రగున్నా భుజాలు ఎగిరేసి నవ్వుకుంట అన్నడు: "అక్కా, నన్ను సంపి నువ్వు మెమెంటో తెచ్చుకున్నవు గదనే!" బస్సంతా నవ్వింది. "ఏమైనా గని, సచ్చినంక ఏడిస్తె మనకేం వినవడ్తది? నేను బతికుండంగనే విన్న. ఎవనికి దొరుకుతది గింత అదృష్టం?" అని కూడా అన్నడు. ఈ రెండో మాట ఊళ్లో ఎవరూ చెప్పరు. మొదటిది మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

మరుసటి ఆదివారం అవ్వ పిల్లను పిలిచి, ఎవరిని చెప్పినవే అని అడిగింది. నాయినను అని చెప్పింది పిల్ల. అవ్వ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని, అంతటితో తీరిపోయేది. పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఆనాడు పాట ఏదీ చెప్పకుంటనే ఇంటికి పోయింది.

చలికాలం, యాసంగి నాట్లప్పుడు, ఒక పొద్దున మోటరు పెట్టబోయి తమ్ముడు కరెంటు తగిలి పోయిండు. నేను పోయేసరికి వాకిట్లో పండబెట్టి ఉన్నరు. అప్పటికి ఎవరి మనసులోనూ ఆ మాట లేదు, నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆడోళ్లందరూ జరిగి, తండ్రి తలకాడ బిడ్డకు జాగా ఇచ్చిండ్రు. కూతురు ఏడ్వాలె, అది రివాజు. అందులో ఈ కూతురికి శోకం వచ్చు.

ఆ పిల్ల నేల మీద రెండు చేతులు ఆనించింది. "నాయినా, తువాలల సీతపండ్లు..." అని ఎత్తుకొని ఆగిపోయింది.

వెనక నుంచి ఎవరో గుసగుసగ "గదే పాట, నల్లగొండల పాడింది గదే" అన్నరు. ఆనాడు ఎవరో ఫోన్‌ల తీసిన వీడియో అప్పటికే సగం ఊరు చూసి ఉన్నది. పిల్ల తల ఎత్తి అందరి ముఖాలు చూసింది. మళ్లా నాయిన ముఖం చూసింది. ఇంకో మాట కోసం వెతుక్కున్నది. నేను ఎదురుగ ఉన్న, ఆమె వెతుక్కునుడు నాకు కనబడింది. సీతపండ్లు, గింజలు, ఈల, దొడ్డి తడిక. ఆమెకు నాయిన గురించి తెలిసినయన్నీ అవే. పదేండ్ల పిల్లకు ఇంకెన్ని ఉంటయి? వాటన్నిటికీ నేను ముందే చప్పట్లు కొట్టించిన. వాటిల్లో ఒక్కదాన్ని కూడా ఆయన కోసం మిగల్చలేదు.

అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని ఆ పిల్ల వెనకకు జరిగింది. అప్పటికి అవ్వ వచ్చింది. చెప్పులు విడిచి, పిల్ల చెయ్యి పట్టుకొని తన వీపు మీద పెట్టుకొని, ఆయన తలకాడ కూసొని తానే మొదలుపెట్టింది. ఆయన చిన్నప్పటి సంగతులు, పసిపిల్లగాడుగ ఉన్నప్పుడు ఏం చేసేటోడో, మేమెవరం విననియి. ఆ పిల్ల చెయ్యి అవ్వ వీపు మీద పైకి లేచుడు, కిందికి పోవుడు నేను చూసుకుంట నిలబడ్డ.

ఊరి మాట మూడో రోజుకు పుట్టింది. బతికున్న మనిషికి శోకం పెట్టిస్తే ఏమైతది మరి అని. పంచాయతీ దగ్గర నిలబెట్టి అడిగిండ్రు. నేను ఊరుకుంటనా? "కరెంటు తగిలి పోయిండు, శోకం తగిలి పోలేదు. మీ ఇంట్లో ముసలోళ్లను రోజూ చావమని తిడ్తరు కద, ఒక్కరన్నా పోయిండ్రా?" అని గంటసేపు వాదించిన. గెలిచి ఇంటికొచ్చిన. మరుసటి ఆదివారం రేకుల హాలులో నేనొక్కదాన్నే కూసున్న. ఆ తర్వాతి ఆదివారం కూడా. సొసైటీ వాళ్లు దాణా బస్తాలు పెట్టుకుంటం అక్కా అని మర్యాదగనే అడిగి తాళం తీసుకున్నరు.

తమ్ముని భార్య దగ్గరికి పోతే దర్వాజ దగ్గరే ఆపింది. "వదినా, నీ కాళ్లు మొక్కుత. నువ్వు ఏం తెచ్చినా మా గడప లోపటికి తేకు."

అవ్వ దగ్గరికి పోయిన. అందరూ నేను చంపిన అంటున్నరు అవ్వా, నువ్వు కూడా అంటవా అని అడిగిన.

"నేననను. ఎవరి సావు వాళ్లకుంటది" అన్నది. పళ్లెంలో బియ్యం ఏరుకుంట, తల ఎత్తకుంటనే మళ్లా అన్నది: "గని నాయిన శవం ముంగట పిల్లను ఉత్త నోటితోని కూసోబెట్టినవు బిడ్డా. అది నువ్వే."

నేను చెప్పులు తొడుక్కొని బస్సుకు నడిచిన.

పోయిన ఏడు అవ్వ పోయింది. ఫోను వస్తే పోయిన. కిరాయికి తెచ్చిన అద్దాల ఫ్రీజరు పెట్టెలో పెట్టిండ్రు ఆమెను. పక్కన ఒక స్పీకరు భక్తి పాటలు పాడుతున్నది. ఆడోళ్లు చుట్టూ కూసొని కొంగులతో కండ్లు ఒత్తుకుంటున్నరు. ఎవరూ శోకం ఎత్తుకోలేదు. రాదు వాళ్లకు. ఇన్నేండ్లు అందరి తరఫున ఆమెనే ఏడ్చింది మరి. ఆమె మనవడు నా దగ్గరికి వచ్చి, "అత్తమ్మా, మా అవ్వ గొంతు నీ ఫోన్‌ల ఉన్నదంట గద. గా గొర్రెకు పెట్టిన శోకం. ఈ స్పీకర్‌కు కలుపుత, పెట్టరాదు?" అన్నడు. వాని తప్పేం లేదు, పిల్లగానికి అంతకంటే ఏం తెలుసు? ఫోన్‌ల చార్జింగు లేదని అబద్ధం చెప్పిన. ఎవరికోసమో చెప్పిన శోకాన్ని పట్టుకొచ్చి ఆమె ముంగట పెట్టుడు ఇంకోసారి నా చేతులతో వద్దనుకున్న.

మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చింది. సూర్యాపేటలో నర్సింగు చదువుతున్నదట. పొడుగ్గ అయ్యింది, నాయిన భుజాలే వచ్చినయి. ఆమెను చూడంగనే ఆడోళ్లు జరిగి తలకాడ జాగా ఇచ్చిండ్రు. ఒకామె లేచి స్పీకరు బందు చేసింది.

ఆ పిల్ల పెట్టె మూత తెరిపించింది. వంగి, అవ్వ చెవి దగ్గర నోరు పెట్టింది. పెదవులు కదులుతున్నయి. మాట బయటికి రావట్లేదు. చాలాసేపు, ఒక మనిషి బతుకు చెప్పడానికి పట్టేంతసేపు, అట్లనే వంగి ఉన్నది. మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకున్నది. మేమందరం చూసుకుంట కూసున్నం. లేచినప్పుడు ఆమె ముఖం తడిసి ఉన్నది. బయటికి పోయి నిలబడింది.

అవ్వ కోడలిని పక్కకు పిలిచి అడిగిన. "సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల వచ్చేది. అత్త కాడ్నే కూసునేది. తలుపు పెట్టుకునేటోళ్లు. ఏం మాట్లాడుకునేటోళ్లో మాకెట్ల ఎరుక వదినా?" అన్నది.

శవయాత్ర కదిలి, అంతా అయినంక బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డం, ఇద్దరమే. నోరు ఉండబట్టలేక అడిగిన. "ఏం చెప్పినవే అవ్వకు?"

ఆ పిల్ల నన్ను కోపంగ చూడలేదు. చూసి ఉంటే బాగుండు. "ఆమెకు చెప్పిన అత్తమ్మా" అన్నది. సూర్యాపేట బస్సు వచ్చింది, ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపింది.

ఆనాటి నుంచి దవాఖానలకు పోయినప్పుడల్లా తెల్లబట్టలేసుకున్న ఆడపిల్లల ముఖాలు చూస్తుంట. నా దగ్గర ఆమె ఫోను నంబరు ఉన్నది. రెండుసార్లు నొక్కి, మోగకముందే పెట్టేసిన. ఇన్నేండ్లు ఎవరినైనా ఏదైనా అడగడానికి భయపడని దాన్ని, ఈ పిల్లను ఒక్క మాట అడగలేకపోతున్న. అవ్వ చెవిలో నువ్వు చెప్పింది శోకమేనా బిడ్డా? శోకమే అయితే, బయటికి ఎందుకు తియ్యలేదు, అది గొంతెత్తకుంట పెట్టే శోకమని అవ్వనే నీకు నేర్పిందా, లేకపోతే అక్కడ నేను కూసొని ఉన్నందుకా?